ఆ రైతు పేరు మామ ఎన్నడూ చెప్పలేదు

మా దళారి మామ పోయిన కబురు నాకు పొద్దున తొమ్మిది గంటలకు, చేతిలో మాత్రల పళ్లెం ఉండగా అందింది. ఫోను చేసింది పెబ్బేరు సంతలో ఆయనతోపాటు ముప్పై ఏళ్లు బేరాలు చేసిన మరో దళారి. "మామ పోయిండమ్మా. చాయ్ దాగి కప్పు కిందవెట్టిండు, గట్లనే గోడకు ఒరిగిండు" అన్నాడు. సరేనన్నాను. మిగిలిన ముగ్గురికీ మాత్రలిచ్చి, నీళ్లు తాగించి, అప్పుడు వెళ్లి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పని సగంలో వదిలేసి ఏడిస్తే ఆయనకు నచ్చదు.

మామ అంటే మేనమామ కాదు, దగ్గరి చుట్టమూ కాదు. మాది కృష్ణ ఒడ్డున ధరూర్ దిక్కు ఊరు. ఆయనది పెబ్బేరు పక్కన. ఎడ్ల బేరం కుదిర్చే పని ఆయనది. మా అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచింది కాబట్టి నాకు మామ అయ్యాడు. నేను పనిచేసేది వనపర్తిలో, ఒక దవాఖాన వెనుక ఉన్న ఆరు మంచాల గదిలో. మనసు చెదిరి, ప్రాణం మీదికి తెచ్చుకునే స్థితిలో ఉన్నవాళ్లను ఆ గండం గడిచేదాకా చూసుకునే గది అది. గది ఇచ్చింది సర్కారు. వారానికి రెండు రోజులు డాక్టరమ్మ వచ్చేది సర్కారు జీతం మీద. మిగిలినదంతా, అంటే మేమిద్దరం నర్సులం, ఊళ్లకు పోయి మనుషులను తెచ్చే జీపు, దాని డ్రైవరు, తోడు వచ్చినవాళ్లకు రెండు పూటల అన్నం, చందాల మీద నడుస్తుంది. ఆ చందాలు తెచ్చింది ఏ పెద్ద కంపెనీయో కాదు. ఏడో తరగతి దాటని ఒక ఎడ్ల దళారి. ఈ మాట రాస్తుంటే నాకు గర్వంగా ఉంది, దాచుకోను.

మొదటి నుంచి చెప్తాను. నేను ఇంటర్ చదువుతున్న ఏడు, మిరుగం కార్తెకు వారం ముందు, మా నాయన తన కాడెడ్లను పెబ్బేరు సంతకు తోలుకుపోయాడు. విత్తనం వేసే ముందర కాడెడ్లను అమ్ముకునే రైతు మా దిక్కున ఉండడు. కొనే మనిషి సంతలో అందరూ చేసినట్టే సగం ధరతో మొదలుపెట్టాడట. మా నాయన ఆ సగం ధరకే తలూపాడు. ఆ బేరం చేయించింది ఈ మామే. ఇంత తొందరగా బేరం తెగితే ఇంకో రెండు జతలు చూసుకోవచ్చని సంబరపడ్డాడు. మా దగ్గర ఎద్దును అమ్మినా పలుపు అమ్మరు. మెడ నుంచి విప్పుకుని ఇంటికి తెచ్చుకుంటారు. పలుపు ఇంట్లో ఉంటే కొట్టం మళ్లీ నిండుతుందని నమ్మకం. మా నాయన పలుపులు విప్పుకోకుండానే వెళ్లిపోయాడు. మరుసటి రోజు తన ప్రాణం తానే తీసుకున్నాడు.

పదకొండో రోజున ఎవరో ముసలాయన మా గడప దగ్గర నిలబడ్డాడు. అప్పటికి ఆయన అంత ముసలివాడేం కాదు, ఆ రోజు అలా కనిపించాడు. చేతిలో రెండు పలుపులు.

"చెల్లె, ఇవి మీ ఆయన ఇడిసిపోయిండు. మర్సిపోయిండనుకున్న" అన్నాడు అమ్మతో. తర్వాత కిందికి చూస్తూ అన్నాడు: "బేరమాడలే చెల్లె. ఒక్క మాట ఎక్కువడగలే. ఇన్నేండ్ల సంది సంతల ఉన్న, బేరమాడని రైతును ఎన్నడు జూడలే. జూసిన రోజు సంబురపడ్డ. నేను ఎద్దు పండ్లు జూసిన, సుడులు జూసిన, నడక జూసిన. అమ్మేటోని మొకం జూడలే."

నాకు అప్పుడు నోటి దురుసు ఎక్కువ. ఇప్పుడూ తక్కువేం కాదు. "నీ కమీషన్ నీకు ముట్టింది గద, ఇంకేం గావాలె?" అన్నాను. అమ్మ నన్ను ఆపబోతే ఆయనే చెయ్యి అడ్డం పెట్టాడు. "తిట్టనియ్యి చెల్లె. తిట్టాలె" అన్నాడు. ఇచ్చిన నీళ్లు తాగాడు. తిట్టినవాళ్ల ఇంట్లో నీళ్లు తాగి కూర్చున్న మనిషిని నేను మొదటిసారి చూశాను.

లేవబోతుండగా అమ్మ మెల్లగా అంది: "గుండెపోటని చెప్పినం అన్నా. ఇద్దరు ఆడపిల్లలున్నరు. గీ ఇంట్ల గట్ల జరిగిందంటె ఎవరు చేసుకుంటరు? నువ్వు గూడ గట్లనే చెప్పు."

"అబద్ధం నాతోని గాదు చెల్లె. గని నా నోట్లకెల్లి మీ ఇంటి పేరు రాదు" అన్నాడు.

కొన్నాళ్లకే మేం గద్వాలకు, అమ్మ పుట్టింటి వీధికి మారిపోయాం. ఊళ్లో నిజం తెలిసిన నలుగురూ నోరు విప్పలేదు. నేను నర్సు చదువు చదివాను. చెల్లికి పెళ్లయింది. గుండెపోటు అన్న మాట మా ఇంట్లో పాతబడి, గట్టిపడి, ఎవరైనా అడిగితే ఆలోచించకుండా నోట్లోంచి వచ్చేది.

ఆ ఏళ్లలో మామ ఊరుకోలేదు. తన తప్పు తెలిసింది సరే, ఒకవేళ ఆ రోజే అర్థమై ఉంటే మా నాయనను ఎక్కడికి తీసుకుపోయేవాడు? ఆ ప్రశ్న ఆయన్ని నిద్రపోనివ్వలేదట. అడిగితే హైదరాబాదు దాకా పోవాలన్నారు. "చేతిల పలుపు పట్టుకోని నిలవడ్డోన్ని హైద్రాబాద్‌కు పోదాం రమ్మంటె వస్తడా బిడ్డ?" అనేవాడు. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. మొదట్లో ఆయన్ని పశువుల దవాఖానకు పంపేవాళ్లట, దళారి కదా అని. చివరికి ఒక డాక్టరమ్మ ఆయన మాట పూర్తిగా విన్నది. గది దొరికింది. గదిని నడిపేది ఎట్లా అన్నది మిగిలింది.

చందా అడగడం మా దిక్కున కొత్తేం కాదు. గుడికంటే ఇస్తారు, అన్నదానానికంటే బియ్యం బస్తాలు దిగుతాయి, పసిపిల్లకు గుండె ఆపరేషన్ అంటే ఫోటో చూసి కళ్లనీళ్లు పెట్టుకుని ఇస్తారు. మనసు బాగాలేనివాళ్ల కోసం అనగానే చెయ్యి జేబు దగ్గరే ఆగిపోతుంది. ఇస్తే వీళ్లింట్లో కూడా ఎవరో ఉన్నారనుకుంటారని భయం. 'పిచ్చోళ్ల చందా' అని పేరు పెట్టారు. ఆయన్ని 'పిచ్చోళ్ల దళారి' అన్నారు. "అవు, దళారినే. ఇన్నొద్దులు ఎడ్లకు, ఇప్పుడు మనుషులకు. నీకేమన్న నొప్పా?" అని నవ్వేవాడు.

ఆ భయానికి మందు ఆయన సంతలోనే వెతికాడు. మీలో పెబ్బేరు సంత చూసినవాళ్లకు తెలుసు, అక్కడ ధర నోటితో చెప్పరు. దళారి తన తువ్వాలను చేతుల మీద కప్పుతాడు, దాని కింద వేళ్లు పట్టుకుని నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది నిలబడినా ఇద్దరికి తప్ప మూడోవాడికి తెలియదు. మామ ఆ తువ్వాల కిందే చందా అడగడం మొదలుపెట్టాడు. బేరం తెగితే గోవుల పేర కొంత పైకం విడవడం సంత ఆనవాయితీ. బేరం తెగగానే అమ్మినవాడినీ కొన్నవాడినీ చూసి, "గోవు ధర్మం ఇడుస్తరు గద, మనిషి ధర్మం ఇడువరా?" అని తువ్వాల చాచేవాడు. లోపలికి వెళ్లిన చేతిలో ఏముందో, అసలు ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఇవ్వనివాడికీ పరువు పోదు, ఇచ్చినవాడికీ ఇంటి గుట్టు బయటపడదు. అలా మొదలై మా గదికి జీపొచ్చింది.

ఆయన తెలివి గురించి ఇంత చెప్పాక ఆయన చేసిన పొరపాటు కూడా చెప్పకపోతే అన్యాయం. మా దగ్గర దానమిచ్చినవాళ్ల పేర్లు ఫ్యాను రెక్కల మీద రాయించడం ఆనవాయితీ కదా. గది తెరిచిన రోజు ఒక విత్తనాల షాపు యజమాని నాలుగు సీలింగు ఫ్యాన్లు ఇచ్చాడు, రెక్క రెక్కకూ వాళ్ల నాయన పేరు. మామ దగ్గరుండి బిగించాడు, దండలు వేయించాడు, ఫోటో దిగాడు. డాక్టరమ్మ లోపలికి వచ్చి పైకి చూసి, ఆయన్ని పక్కకు పిలిచి, "ఈ గదిలో పైనుంచి ఏదీ వేలాడకూడదు" అని చెప్పింది. ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం మీద కూలబడ్డాడు. "ఎంత మొద్దునమ్మా నేను. మల్ల జూడలే" అన్నాడు. దండలు వాడకముందే నిచ్చెన వేయించి ఫ్యాన్లు దించేశాడు. అలిగిన యజమాని షాపుకు వెళ్లి, బతిమాలి, నవ్వించి, ఆ ఫ్యాన్లను బడికి ఇప్పించాడు. ఆ పేరును ఇప్పుడు మూడో తరగతి పిల్లలు కూడబలుక్కుని చదువుతుంటారు. గదిలో గోడ ఫ్యాన్లు పెట్టారు. వాటి మీద పేర్లు వద్దన్నాడు మామ. పడుకున్న మనిషి కళ్లు తెరిస్తే ఎవరిదో దయ కనిపించకూడదట.

ఆ గదిలో నేను చేరినప్పుడు మామ నన్ను చూసి గుర్తుపట్టాడు, గుర్తుపట్టినట్టు ఒక్క మాట అనలేదు. "సిస్టరమ్మ వచ్చింది, చాయ్ తేండ్రి" అన్నాడంతే.

ఒక సంత రోజు నన్ను కూడా రమ్మన్నాడు. నాగర్‌కర్నూల్ దిక్కు రైతు ఒకాయన జత ఎడ్లతో నిలబడి ఉన్నాడు. కొనడానికి వచ్చినవాళ్లు రాయచూరు వైపు మనుషులు. మామ తువ్వాల కప్పాడు. రైతు చెయ్యి లోపలికి వెళ్లింది. వేళ్లు ధర చెప్పలేదు. మామ చేతిని పట్టుకుని వదల్లేదు. మామ ఆయన ముఖంలోకి చూసి, "ఇయ్యాల ఈ ఎడ్లు అమ్ముడువోవు" అన్నాడు.

రాయచూరు మనిషి గొంతు పెంచాడు. "యాకె? ఎందుకట్ల? ధర చెప్పిన గదా! నువ్వు దళారివా, యజమానివా?" చుట్టూ జనం పోగయ్యారు. కుదిరే బేరాన్ని దళారే చెడగొట్టడం ఆ సంతలో ఎవరూ వినలేదు, అది మంగలి తన కత్తి తానే విరగ్గొట్టుకున్నట్టు. మామ తువ్వాల తీయకుండానే ఆ రైతు చెయ్యి పట్టుకుని చాయ్ బండి దాకా నడిపించాడు. గంటసేపు అట్లనే కూర్చున్నారు. మధ్యలో ఒక్కసారి మాత్రం మామ మాట వినిపించింది: "ఏడికి పోతవ్ గాని, ముందు చాయ్ దాగు." ఆ రైతు మా దగ్గర పదకొండు రోజులు ఉన్నాడు. ఎడ్లకు మామే మేత వేశాడు.

చందా అడిగే ప్రతి చోటా మామ ఒకటే కథ చెప్పేవాడు. "ఒక రైతు నా తాన బేరమాడకుండ ఎడ్లమ్మిండు. నేను తెలుసుకోలే. తెల్లారి ఆయన లేడు." అంతే. ఊరు చెప్పడు, పేరు చెప్పడు. నేను పక్కనే నర్సు బట్టల్లో నిలబడి వినేదాన్ని. గదిలో మంచం పక్కన కూర్చుని 'దాచుకోకండి, చెప్పండి' అని రోజూ అందరికీ చెప్పే నోరు నాది. ఆ కథ దగ్గర మాత్రం మూగబోయేది.

నమ్మకం ఉన్న చోటే చాడీ కూడా పుడుతుంది. ఒక ఏడు, ఆ రైతు సంగతి ఉత్తదే, చందాల కోసం అల్లిన కథ అని ఎవరో అన్నారు. పుకారుకు కాళ్లు రావడానికి రెండు సంతలు చాలు. దళారులు, పెద్దమనుషులు మామను మార్కెట్ యార్డుకు పిలిపించి కూర్చోబెట్టారు. గది పని గురించి చెప్పడానికి నేనూ వెళ్లాను. "రైతు పేరు చెప్పు, ఊరు చెప్పు. మేమే పోయి అడిగొస్తం" అన్నారు. మామ నా వైపు చూడలేదు. పొరపాటున కూడా చూడలేదు. "పేరు చెప్ప. నన్ను దొంగ అనుకుంటె అనుకోండ్రి. రైతు మాత్రం నిజం" అన్నాడు. నేను నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. నా జీవితంలో నేను సిగ్గుపడే క్షణం ఏదంటే అదే.

ఆ తర్వాత తువ్వాల కిందికి వచ్చే చేతులు తగ్గాయి. డీజిల్ లేక జీపు మూలన పడింది. సరిగ్గా అప్పుడే మన్ననూర్ నుంచి కబురు. అడవిలో కాపలా పని చేసే ఆయన భార్య కాన్పయి నెల తిరగలేదు, బిడ్డ ముఖం చూడటం లేదు, బావి వైపు పోతుంటే ఇప్పటికి రెండుసార్లు ఆపారట. మామా నేనూ బస్సులు మారి, చివర ఆటోలో వెళ్లాం. ఆమెను తీసుకుని, పసిబిడ్డ మామ ఒళ్లో, మళ్లీ బస్సుల్లోనే వచ్చాం. ఆ బిడ్డకు ఇప్పుడు అయిదేళ్లు. వాళ్ల నాయన ఏటా ఒక సీసా అడవి తేనె పంపుతాడు. చందా అంటే అది కూడా అని మామ అనేవాడు.

ఆ బస్సులోనే అడిగాను. "మామా, నేను చెప్పనా? మీ పరువు నిలబడ్తది. జీపు నడుస్తది."

ఒళ్లోని పసిబిడ్డను భుజానికి మార్చుకున్నాడు. "నా కోసం చెప్పకు బిడ్డ. జీపు కోసం గూడ చెప్పకు. జీపుది నేను జూస్కుంట. నీకు బరువనిపిచ్చిన్నాడు దించు" అన్నాడు. జీపు సంగతి చూసుకున్నాడు కూడా. తన రెండు పాడి బర్రెలను అదే సంతలో అమ్మేశాడు. బేరం మాత్రం గట్టిగా ఆడాడు, కొన్నవాడికి చెమటలు పట్టాయట.

మామ పోయాక వచ్చిన మొదటి సంత రోజున ఆయనకు సంతాప సభ పెట్టారు. మార్కెట్ యార్డులో షామియానా, కుర్చీలు, మైకు. గంటసేపు బేరాలు ఆపారు. ఆ సంత ఎవరి కోసమూ ఆగింది లేదు, పెద్ద నాయకులు పోయినప్పుడు కూడా. గద్వాల నుంచి మా అమ్మ వచ్చి ఆడవాళ్లలో వెనక వరుసలో కూర్చుంది. వెళ్లొద్దాం అని అడిగింది ఆమే.

నాగర్‌కర్నూల్ రైతు మైకు ముందుకు వచ్చాడు. ఆయన మాట్లాడతాడని నేను అనుకోలేదు. "నేను వనపర్తి గదిల పదకొండు రోజులున్న" అన్నాడు, ఏ వంకా లేకుండా, పొలం సర్వే నంబరు చెప్పినట్టు. "నా ఎడ్లు ఇయ్యాల్టికి నా కొట్టంలనే ఉన్నయి. నేను గూడ ఉన్న." దండం పెట్టి దిగిపోయాడు.

తర్వాత ఒక కుర్ర దళారి మాట్లాడాడు. మామ దగ్గర పని నేర్చుకున్నవాడు, ఆయనంటే ప్రాణం. "మామ చెప్పే ఆ రైతు ముచ్చట నిజమో, కల్పించిందో మనకు తెల్వది. గని ఆ ముచ్చటతోని మస్తుమందిని బతికిచ్చిండు. గంతే సాలు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. నాకు మాత్రం ఒళ్లంతా మండింది. చనిపోయాక కూడా ఆయన అబద్ధమాడినవాడిగానే మిగులుతాడా?

"నిజం" అన్నాను. మైకు దాకా వెళ్లకముందే అన్నాను, గట్టిగా. చప్పట్లు ఆగాయి. నడిచి వెళ్లి మైకు పట్టుకున్నాను. మా నాయన పేరు చెప్పాను. మా ఊరి పేరు చెప్పాను. "ఆ రైతు మా నాయన. గుండెపోటు గాదు. మా ఇంటి గుట్టు కాపాడాలని మామ పేరు చెప్పలే, దొంగ అనిపిచ్చుకున్నడు. ఆ రోజు నేను ఈడనే కూసున్న, నోరిప్పలే. తప్పు నాది" అన్నాను. ఇంట్లో ఎన్నడూ నోటికి రాని నిజమే ఆ రోజు నోటికి వచ్చింది.

నేను ఎవరి ముఖమూ చూడలేకపోయాను. అమ్మకు ఒక్క మాట చెప్పకుండా, ఇన్నేళ్లు ఆమె కాపాడుకున్నదాన్ని నలుగురిలో విప్పేశానని అప్పుడు తట్టింది. వెనక వరుసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. అమ్మ లేచింది. బయటికి వెళ్లిపోతుందనుకున్నాను. కుర్చీల మధ్యనుంచి, మోకాళ్ల నొప్పితో ఒక్కో అడుగు వేసుకుంటూ ముందుకు వచ్చింది. ఆడవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. నా పక్కన నిలబడి, నోటికి అడ్డంగా పట్టుకున్న కొంగును వదిలేసింది.

మైకు నా ఎత్తులో ఉంది, అమ్మ నుదుటికి తగులుతోంది. "జర ఆగు పెద్దమ్మా" అంటూ మైకు అతను పరుగెత్తుకొచ్చాడు. స్టాండు మర బిగుసుకుపోయింది. రెండు చేతులతో తిప్పుతున్నాడు. అమ్మ వెళ్లలేదు. సంతంతా అట్లనే నిలబడి, ఆ మైకు ఆమె నోటి దాకా దిగేదాకా ఆగింది.